కొన్నది దుబాయిలో... తొడిగేది గుర్రంకొండలో!

మదనపల్లె దాటి రాయచోటి దారి పట్టిన బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందా? అయితే నిద్రపోకండి. టమోటా తోటలూ చింతచెట్లూ వెనక్కి పోతుంటే, ఉన్నట్టుండి ఎదురుగా ఓ పెద్ద రాతికొండ లేచి నిలబడుతుంది. నడుముకు వడ్డాణం పెట్టుకున్నట్టు దానికి కోటగోడ! అదే గుర్రంకొండ. మన సినిమావాళ్ళు రాజస్థాన్ దాకా పోయి తీసే కోటలకు ఇదేం తీసిపోదు. కాకపోతే పాపం, పబ్లిసిటీ లేదు.

ఆ పేరు వెనక ఒక కథ చెబుతారు. కొండమీద ఒక గుర్రం కాపలా ఉండేదట. అది ఉన్నంతకాలం కోట శత్రువుల చేతికి చిక్కేది కాదట. చివరికి ఒక మరాఠా వీరుడు నిట్టనిలువు బండకు ఇనుప మేకులు కొట్టుకుంటూ ఎక్కిపోయి, ఆ గుర్రాన్నే దించుకుపోయాడట. ఎక్కాడు సరే, గుర్రాన్ని ఎట్లా దించాడని మాత్రం అడక్కండి. తెరమీద మన హీరోలు అంతకంటే పెద్దవి చేస్తుంటే అడుగుతున్నామా?

కొండ కింద రంగినీ మహల్ చూడాలి. ఊరి దగ్గరే మీర్ రజా అలీఖాన్ సమాధి ఉంది. మక్బరా అంటారు. ఈయన టిప్పు సుల్తానుకు మేనమామ. కడప నవాబులు, మైసూరు హైదరు, 1799లో నిజాం, 1800లో కుంఫిణీవాళ్ళు - ఈ కొండకు యజమానులు మారుతూ వచ్చారు. ఎవరొచ్చినా మొట్టమొదట అడిగింది మాత్రం ఒకటే... సుంకం!

చమత్కారం చూశారూ? మేనమామ సమాధి గుర్రంకొండలో ఉంటే, మేనల్లుడు పుట్టింది దేవనహళ్ళిలో. 2008లో బెంగుళూరు కొత్త విమానాశ్రయం వెలసిందీ ఆ దేవనహళ్ళి దగ్గరే. ఈ రెండిటి మధ్య మదనపల్లె మీదుగా సాగే దారిలో ఇప్పుడు గుర్రాలూ లేవు, ఫిరంగులూ లేవు. తాళ్ళతో బిగించి, పేరూ ఊరూ పెద్ద పెద్ద అక్షరాలతో రాసిన అట్టపెట్టెలు ఉన్నాయి. రాయచోటి, గుర్రంకొండ, కలికిరి, మదనపల్లె ప్రాంతాల నుంచి కువైట్‌కో దుబాయికో పోయి సంపాదించుకొచ్చేవాళ్ళ పెట్టెలవి. ఆ పెట్టెల్లో సెంటు సీసాలుంటాయి, ఫోన్లుంటాయి, అడుగున బట్టల మడతల్లో ఒక చైనో రెండు గాజులో ఉంటాయి. మన కథ ఆ చైనుది.

దుబాయిలో దేరా బంగారు బజారు పేరు వినని కుటుంబం మా వైపు తక్కువ. ఒకే దుకాణం, ఒకే రోజు, ఒకే రకం చైను. ఇద్దరు కొన్నారు. ఇద్దరూ ఒకే పన్ను కట్టారు. విమానాశ్రయంలో ఒకరికి ఆ పన్నులో చాలా భాగం తిరిగి చేతికిచ్చారు. రెండోవారికి నయాపైసా లేదు. పైగా డబ్బు అందుకున్నది ఊరు చూడటానికి వచ్చిన తల్లి, అందనిది ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి ఎండలో బండి నడిపిన కొడుకు! ఇదేం న్యాయమంటారా? రండి, చూద్దాం.

అసలు కట్టిన పన్నును ఏ సర్కారయినా ఎందుకు తిరిగిస్తుంది? దీన్ని అర్థం చేసుకోవడానికి దుబాయి అక్కర్లేదు, కుప్పం చాలు. కుప్పంలో నిలబడితే ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. వెండితెరమీద 2018లోనూ 2022లోనూ దుమ్ము లేపిన కె.జి.ఎఫ్. ఉందే, ఆ అసలు కోలారు గనులు కుప్పానికి ఆట్టే దూరం కాదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం అమ్మకం పన్ను వేసుకునే రోజుల్లో సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర లారీలు బారులు తీరి ఉండేవి. సరుకు ఎవరిది, పన్ను ఎవరికి - అదే తగువు. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చాక ఆ పన్ను చెక్‌పోస్టులు పోయాయి గానీ, తగువులోని అసలు ప్రశ్న మాత్రం ప్రపంచమంతా ఉంది.

దానికి దేశాలు కుదుర్చుకున్న జవాబు ఇది: వస్తువును వాడుకునే చోటే దాని పన్ను. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో నేసిన పట్టుచీరను వ్యాపారి విదేశాలకు ఎగుమతి చేస్తే దానిమీద మన పన్ను పడదు. చీర కట్టేది అక్కడ కనుక. మరి విదేశం నుంచి వచ్చిన యాత్రికుడు ఒక వస్తువు కొని సంచిలో వేసుకుని పోతుంటే? అదీ ఒక ఎగుమతే, బుల్లి ఎగుమతి. కాబట్టి వెళ్ళేటప్పుడు, వస్తువు నిజంగా దేశం దాటుతోందని సుంకంవాళ్ళు చూసి, పన్ను వెనక్కి ఇస్తారు. ఇది దానమూ కాదు, డిస్కౌంటూ కాదు. దుబాయిలో కొన్న చైను గుర్రంకొండలో మెడలో పడుతుంది గనుక దుబాయికి దానిమీద హక్కు లేదని ఒప్పుకోవడమన్నమాట.

ఒకప్పుడు గల్ఫ్‌లో ఈ గొడవే ఉండేది కాదు. పన్నంటే ఏమిటో తెలియని దేశాలని పేరు. మన పాత సినిమాల విలన్లంతా అర్ధరాత్రి సముద్రపొడ్డున లాంచీలోంచి బంగారు బిస్కెట్ల పెట్టెలు దించుకుంటుండేవాళ్ళు, గుర్తుందా? అప్పుడు మన దేశంలో 1968 నాటి బంగారు నియంత్రణ చట్టం ఉండేది. 1990లో అది రద్దయింది. దాంతో పాపం విలన్లు వేరే వ్యాపారాలు వెతుక్కోవాల్సి వచ్చింది! గల్ఫ్ వైపు పన్ను కథ మొదలయింది 2018 జనవరి 1న. ఆ రోజున ఎమిరేట్స్, సౌదీ రెండూ 5 శాతం విలువ ఆధారిత పన్ను, అదే వ్యాట్, వేశాయి. 2020 జూలైలో సౌదీ దాన్ని ఏకంగా 15 శాతం చేసింది. కువైట్ మాత్రం ఆనాడు ఈ బాటలోకి రాలేదు. పన్నే వేయనిచోట తిరిగివ్వడమనే మాటే పుట్టదు. కాబట్టి కువైట్ అత్తకు చెప్పిన సలహా దుబాయి అన్నకు పనికిరాదు.

ఎమిరేట్స్‌లో యాత్రికులకు పన్ను తిరిగిచ్చే పథకం అదే ఏడాది నవంబరులో మొదలయింది. నడిపేది ప్లానెట్ అనే సంస్థ. లెక్క చెబుతాను, పెన్సిలు తీసుకోండి. పథకంలో చేరిన దుకాణంలో ఒక్కసారికి కనీసం 250 దిర్హాములకు కొనాలి. కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించి, "పన్ను వాపసు చీటీ వేయండి" అని నోరు తెరిచి అడగాలి. మొహమాటపడితే పోయినట్టే. కొన్న 90 రోజుల్లోపల ఆ వస్తువుతో దేశం దాటాలి. అప్పుడు కట్టిన పన్నులో 85 శాతం వస్తుంది, అందులోంచి ఒక్కో చీటీకి 4 దిర్హాముల 80 ఫిల్సులు ఖర్చుల కింద పట్టుకుంటారు. అంటే 4,000 దిర్హాముల చైనుకు పన్ను 200 అయితే, దానిలో 85 శాతం 170. ఖర్చులు పోగా చేతికొచ్చేది 165 దిర్హాముల 20 ఫిల్సులు. మన డబ్బులో కాస్త అటూ ఇటుగా నాలుగు వేలు! మదనపల్లెలో కుటుంబమంతా కొత్త సినిమా చూసి, హోటల్లో భోంచేసి, ఆటోలో ఇంటికొచ్చినా మిగులుతుంది.

బిస్కెట్ కొన్నానండీ, దానికీ వస్తుందా అంటారేమో. 99 శాతం, అంతకు మించి స్వచ్ఛత గల పెట్టుబడి బంగారం మీద అక్కడ పన్ను సున్నా. కట్టనిది తిరిగి రాదుగా!

ఇక విమానాశ్రయంలో జరిగే అసలు దృశ్యానికి వద్దాం. సినిమాలో క్లైమాక్సుకు ముందు హీరో ఒక తప్పటడుగు వేస్తాడే, అట్లాంటిది ఇక్కడ మనవాళ్ళు ఎక్కువమంది వేస్తుంటారు. విమానం తప్పిపోతుందన్న కంగారులో మొదట పెట్టెలు బెల్టుమీద పెట్టేస్తారు. ఆ తరువాత తీరిగ్గా పన్ను కౌంటరుకు పోతారు. "సామాను చూపించండి" అంటాడు లోపలివాడు. సామాను అప్పటికే విమానం కడుపులో ఉంటుంది! కాబట్టి వరస గుర్తుంచుకోండి. ముందు పన్ను కౌంటరు, తరువాత పెట్టెలు. థాయిలాండులోనూ ఇంతే. అక్కడ పన్ను 7 శాతం, ఒక రోజు ఒక దుకాణంలో కనీసం 2,000 బాతులకు కొనాలి, కొన్న 60 రోజుల్లో బయటపడాలి, పెట్టెలు ఇవ్వకముందే సుంకంవాళ్ళకు చూపించాలి.

సరే, తల్లికి వచ్చింది, కొడుక్కెందుకు రాలేదు? మా బంధువుల్లోనే ఒక అన్న దుబాయిలో డ్రైవరు. వాళ్ళమ్మను, అంటే మా పెద్దమ్మను, విజిట్ వీసామీద పిలిపించుకున్నాడు. ఇద్దరూ కలిసే బజారుకు పోయారు, చెరొక చైను కొన్నారు. దుకాణంలో మలయాళీ కుర్రాడు పెద్దమ్మ పాస్‌పోర్టు తీసుకుని చీటీ వేశాడు గానీ, అన్న కార్డు చూసి తల అడ్డంగా ఊపాడట.

"ఏమప్పా, ఇద్దరమూ ఒక ఊరోళ్ళమే, ఒకే విమానం ఎక్కుతాండాము. నాకెందుకు రాదు?" అన్నాడట మా అన్న.

"అన్నా, మీరు ఇక్కడ ఉండేవాళ్ళు. అమ్మ చూసిపోయేవాళ్ళు" అన్నాడట ఆ కుర్రాడు, వచ్చీరాని తెలుగులో.

చట్టం మాటా అదే. అక్కడ నివాస వీసా ఉన్నవాడు యాత్రికుడు కాడు. అతను కొన్నది అక్కడే వాడుకుంటాడని లెక్క. పుట్టిన ఊళ్ళో చెల్లెలి పెళ్ళికని ఏడాదంతా కూడబెట్టి కొన్న చైను కూడా కాగితంమీద అక్కడి వాడకమే! దుబాయిలో రోజూ ఆ పన్ను కట్టేది ఎవరు? పప్పు కొన్నా, సబ్బు కొన్నా కట్టేది ఈ కూలీలే, డ్రైవర్లే. వారం రోజులు ఎడారిలో కారెక్కి ఫోటోలు దిగిపోయే మనిషి కాదు. నాకైతే ఇది మింగుడుపడలేదు.

ఇట్లా కాకుండా చేసిన దేశం లేదా? ఉంది. రామ్‌చరణ్, జెనీలియా నటించిన "ఆరెంజ్" (2010) చూశారుగా? ఆ ఆస్ట్రేలియా! అక్కడ జి.ఎస్.టి. 10 శాతం. ఒకే వ్యాపారి దగ్గర 300 డాలర్లకో అంతకు మించో కొని, 60 రోజుల్లో దేశం వదిలివెళ్తూ వస్తువునూ బిల్లునూ చూపిస్తే పన్ను వాపసు. మీరు యాత్రికులా, అక్కడే కాపురముంటున్నారా అని అడగరు. విమాన సిబ్బందికి తప్ప అందరికీ వర్తిస్తుంది. వస్తువు దేశం దాటిందా లేదా, అంతే చూస్తారు. ఆ వస్తువునే మళ్ళీ వెనక్కి తెస్తే మాత్రం చెప్పాలి. మెల్‌బోర్న్‌లో చదువుకునే మదనపల్లె కుర్రాడు అమ్మకు లాప్‌టాప్ తెస్తే పన్ను వస్తుంది, దుబాయి డ్రైవరు అమ్మకు చైను తెస్తే రాదు.

సింగపూరు సంగతి వేరు. కమలహాసన్, రజనీకాంత్, జయప్రదలతో బాలచందర్ "అందమైన అనుభవం" (1979) తీసిన రోజుల్లో సింగపూరులో ఈ పన్నే లేదు. అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళు టేప్ రికార్డరు చంకలో పెట్టుకుని దిగితే వీధంతా చూడ్డానికి వచ్చేది! 1994లో 3 శాతంతో మొదలయిన జి.ఎస్.టి., 2024కు 9 శాతమయింది. కనీసం 100 డాలర్ల కొనుగోలు ఉండాలి, ఒకే దుకాణంలో అదే రోజు చేసిన మూడు బిల్లుల దాకా కలిపి చూపొచ్చు. సెరంగూన్ రోడ్డులో రాత్రంతా తిరిగి కొనేవాళ్ళకు ఇది పనికొచ్చే ముక్క. విమానాశ్రయంలో యంత్రం ముందు పాస్‌పోర్టు పెడితే పని అయిపోతుంది. కానీ బస్సెక్కి మలేషియాలోకి దాటిపోయేవాళ్ళకు ఆ భాగ్యం లేదు.

యూరపు పాటల షూటింగులు చూసి అక్కడికి పోవాలని కలలు కనేవాళ్ళకు రెండు ముక్కలు. ఫ్రాన్సులో పన్ను 20 శాతం, 100 యూరోలు దాటి కొంటే వాపసు అడగొచ్చు. పారిస్‌లో కొని ఇటలీ తిరిగి జర్మనీ నుంచి ఇంటికి వస్తే, ముద్ర వేయించుకోవాల్సింది యూరోపియన్ యూనియన్ వదిలే ఆఖరి చోట. మధ్యవాళ్ళు ఎంత దాచుకుంటారో ముందే అడగండి, ఇరవై శాతమూ చేతికి రావడమనేది కల్ల. ఇక లండన్! 2016లో "నాన్నకు ప్రేమతో" వచ్చినప్పుడు అక్కడా ఈ సౌకర్యం ఉండేది. 2021 జనవరి 1 నుంచి ఉత్తర ఐర్లండు తప్ప బ్రిటనంతటా తీసేశారు. ఆక్స్‌ఫర్డ్ వీధిలో కొని ఫారం అడిగితే ఇప్పుడు దుకాణంవాళ్ళే మనల్ని ఓదారుస్తారు.

అమెరికా? జంధ్యాల "పడమటి సంధ్యారాగం" (1987) దేశం. అక్కడ దేశమంతటికీ ఒకే వ్యాట్ లేదు, ఏ రాష్ట్రం అమ్మకం పన్ను దానిదే, అచ్చం మన పాత కుప్పం సరిహద్దు కథే. మామూలుగా విమానాశ్రయంలో తిరిగిచ్చేదేమీ ఉండదు. కాబట్టి తెలివైనవాళ్ళు తిరిగి అడగరు, అసలు కట్టరు. పక్కనే ఉన్న డెలావేరులో అమ్మకం పన్నే లేదు, పెన్సిల్వేనియాలో మామూలు బట్టలమీద లేదు. ఆ వైపు తెలుగువాళ్ళింటికి వెళ్తే మొదటి శనివారమే కారు ఆ దిక్కుకు తిరుగుతుంది!

ఇంతకీ దేవనహళ్ళిలో దిగాక ఏమవుతుంది? అక్కడ ఇంకో సుంకం కాచుకుని ఉంటుంది. దుబాయి పన్ను తిరిగొచ్చింది గనుక మన కస్టమ్స్ వదిలేస్తుందని కొందరి భ్రమ. ఆ వాపసు చీటీయే "ఇది విదేశంలో కొత్తగా కొన్నది, విలువ ఇంత" అని సాక్ష్యం చెబుతుంది. విదేశంలో ఏడాదికి మించి ఉండి తిరిగొచ్చేవాళ్ళకు నగల రాయితీ ఉంది. మగవాళ్ళకు 20 గ్రాములు, ఆడవాళ్ళకు 40 గ్రాములు. 2016 నాటి నిబంధనలు దీనికి విలువ హద్దు కూడా పెట్టాయి, మగవాళ్ళకు 50 వేలు, ఆడవాళ్ళకు లక్ష. ఇవి బడ్జెట్ వచ్చినప్పుడల్లా కదిలే లెక్కలు (2024 జూలైలో బంగారంమీద దిగుమతి సుంకమే 15 నుంచి 6 శాతానికి దిగింది), కాబట్టి టిక్కెట్టు కొన్నరోజే ఒకసారి విచారించుకోవడం మేలు.

అసలు మెలిక ఇప్పుడొచ్చింది, చూడండి. దుబాయిలో పన్ను వాపసు దొరికేది పెద్దమ్మకు. కానీ ఆమె అక్కడ ఉన్నది నెల రోజులే, మన కస్టమ్స్ ఇచ్చే 40 గ్రాముల రాయితీ ఆమెకు వర్తించదు. ఆ రాయితీ దొరికేది ఏడాదికి పైగా ఉండొచ్చిన అన్నకు, అతనికేమో అక్కడి వాపసు లేదు! తల్లీ కొడుకులు, పక్కపక్క సీట్లు, ఒక్కొక్కరికి ఒక్కో దేశం ఒక్కో తలుపు మూసింది.

ఇంకా విచిత్రం మన చట్టంలోనే ఉంది. 2017 నాటి ఐ.జి.ఎస్.టి. చట్టంలో 15వ సెక్షను విదేశీ యాత్రికులకు పన్ను తిరిగివ్వాలంటుంది. యాత్రికుడంటే ఎవరు? మామూలుగా భారతదేశంలో నివాసం లేకుండా, ఆరు నెలలకు మించకుండా ఉండిపోవడానికి వచ్చే మనిషి. ఆ మాటలు చదివితే, సెలవుకు వచ్చిన మా అన్న గుర్రంకొండలో యాత్రికుడవుతాడేమో అనిపిస్తుంది! పని చేసిన ఊళ్ళో కాడట గానీ, పుట్టిన ఊళ్ళో యాత్రికుడు! నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర కొని తిరిగి పోతూ దేవనహళ్ళిలో పన్ను అడగొచ్చన్నమాట. అయితే చట్టంలో అక్షరాలుగా ఉన్న ఆ సెక్షను ఏళ్ళ తరబడి అమలుకు నోచుకోలేదు. షూటింగు పూర్తయి డబ్బాల్లో మూలుగుతున్న సినిమాలాగా.

మా అన్న మాత్రం చట్టాలు మారేదాకా ఆగే రకం కాదు. పోయిన ప్రయాణంలో లెక్క తిరగేశాడు. నగ తన పేర, తన బిల్లుతో, తన రాయితీలో తెచ్చుకున్నాడు. ఫోను మాత్రం పెద్దమ్మ డబ్బుతో, పెద్దమ్మ పాస్‌పోర్టుమీద, పెద్దమ్మే కొన్నది. 2,000 దిర్హాముల ఫోనుకు పన్ను 100. విమానాశ్రయంలో పెట్టెలు బెల్టు ఎక్కకముందే ఇద్దరూ కౌంటరు దగ్గర నిలబడ్డారు. 80 దిర్హాముల 20 ఫిల్సులు పెద్దమ్మ చేతిలో పెట్టారు.

"ఇదేంరా, కొన్నదానికి మళ్ళా మనకే దుడ్లిస్తాండారు?" అని ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టుకుందట. ఆ దుడ్లు దేవనహళ్ళి దాకా రాలేదు. విమానమెక్కే లోపలే గుర్రంకొండ మనవళ్ళకు చాక్లెట్లయిపోయాయి.